పల్నాటి బ్రహ్మనాయుడు

బ్రహ్మనాయుడు క్రీ.శ. 12వ శతాబ్దంలో పల్నాటి సీమను పాలించిన హైహయ రాజుల మహామంత్రి, యోధుడు, సంఘసంస్కర్త. ఇతనిని బ్రహ్మన్న అని కూడా అంటారు. పల్నాటి యుద్ధంలో మాచెర్ల పక్షానికి నాయకుడు ఇతడే. అన్ని కులాల వారిని ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టించిన చాపకూడు అనే సంప్రదాయానికి ఆద్యునిగా తెలుగువారిలో ఇతని పేరు నిలిచిపోయింది. యుద్ధాన్ని చివరి వరకు తప్పించాలని ప్రయత్నించి, తప్పనిసరై చేసి, గెలిచి కూడా రాజ్యాన్ని శత్రువుకే అప్పగించి వెళ్ళిపోయిన వీరునిగా పల్నాటి గాథలు ఇతనిని కీర్తిస్తాయి.

ఇతని జీవితానికి సంబంధించిన వివరాలలో అధిక భాగం వీరగాథల ద్వారా, శ్రీనాథుని రచనగా ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్ర అనే ద్విపద కావ్యం ద్వారా తెలుస్తున్నాయి. కనుక చరిత్ర, జానపద కథ ఇందులో విడదీయరానంతగా కలిసిపోయాయి.

పల్నాటి సీమ

పల్నాడు కృష్ణానదికి దక్షిణాన, నల్లమల కొండలకు తూర్పున ఉన్న ప్రాంతం. మాచెర్ల, గురజాల, కారెంపూడి, దాచేపల్లి, పిడుగురాళ్ళ ఇక్కడి ముఖ్యమైన ఊళ్ళు. చిరకాలం గుంటూరు జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ లో నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరింది. నాపరాతి నేల, తక్కువ వర్షపాతం, ముళ్ళపొదల అడవులు ఈ సీమ లక్షణాలు. నాగులేరు, చంద్రవంక అనే చిన్న ఏర్లు ఈ సీమలో పారి కృష్ణలో కలుస్తాయి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట కుడి కాలువ నీరు వచ్చిన తరువాత ఇక్కడి చేలలో పత్తి, మిరప విస్తారంగా పండసాగాయి. అంతకు ముందు జొన్న ఇక్కడి ప్రధాన ఆహారం. బ్రహ్మనాయుని కాలంలో పశువుల మందలే ప్రజల ముఖ్య సంపద. పల్నాటి కథలో పశువుల మందపై జరిగిన దాడి ఒక ప్రధాన ఘట్టం కావడానికి కారణం ఇదే.

చనిపోయిన యోధులకు స్మారక చిహ్నాలు నిలిపే ఆచారం ఈ సీమలో పల్నాటి యుద్ధానికి ఎంతో ముందు నుండి ఉంది. మాచెర్లకు సమీపంలోని నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలం నాటి (క్రీ.శ. 3-4 శతాబ్దాలు) ఛాయాస్తంభాలు లభించాయి. వీటిలో కొన్ని యుద్ధంలో మరణించిన సైనికుల, సేనానుల జ్ఞాపకార్థం నిలిపినవి.

వంశం, తొలి జీవితం

వీరగాథల ప్రకారం హైహయ వంశానికి చెందిన అనుగురాజు ఉత్తరాదిన నర్మదా ప్రాంతం నుండి తన పరివారంతో, దేవతా విగ్రహంతో దక్షిణానికి వచ్చాడు. చందవోలు రాజధానిగా పాలిస్తున్న వెలనాటి చోడ ప్రభువు గొంకరాజు అతనికి తన కుమార్తె మైలమదేవినిచ్చి వివాహం చేసి, పల్నాటి సీమను అరణంగా ఇచ్చాడు. అనుగురాజుతో పాటు వచ్చిన మంత్రి దొడ్డనాయుడు. ఇతని కుమారుడే బ్రహ్మనాయుడు. ఇతని తల్లి పేరు శీలమ్మ అని, భార్య పేరు ఐతమ్మ (ఐతాంబ) అని కథలు చెబుతాయి. బ్రహ్మనాయుడు రేచెర్ల గోత్రానికి చెందిన వెలమ నాయకుడని ప్రతీతి. బాలచంద్రుడు ఇతని కుమారుడు.

అనుగురాజుకు ముగ్గురు భార్యలు. మైలమదేవికి నలగామరాజు, వీరవిద్యాదేవికి పెదమలిదేవుడు, పినమలిదేవుడు, బాలమలిదేవుడు, భూరమాదేవికి నరసింగరాజు మొదలైనవారు జన్మించారు. తండ్రి అనంతరం పెద్దవాడైన నలగామరాజు గురజాల రాజధానిగా పట్టాభిషిక్తుడయ్యాడు. దొడ్డనాయుని తరువాత మంత్రి పదవిని చేపట్టిన బ్రహ్మనాయుడు రాజ్యభారమంతా తానే వహించాడు.

నాగమ్మ రాక, రాజ్య విభజన

బ్రహ్మనాయునికి ప్రత్యర్థిగా నిలిచిన నాయకురాలు నాగమ్మ తెలుగువారి చరిత్రలో మంత్రిగా పేరొందిన అరుదైన స్త్రీ. కరీంనగర్ ప్రాంతంలోని ఆరవెల్లి ఈమె జన్మస్థలమని, చిన్ననాడే పల్నాటిలోని జిట్టగామాలపాడుకు చేరిందని చెబుతారు. వేటకు వెళ్ళి అలసిన నలగామరాజుకు, అతని పరివారానికి ఆతిథ్యమిచ్చి, ప్రతిఫలంగా కొద్ది గడియల పాటు మంత్రిత్వం చేసే వరాన్ని పొందిందని కథ. ఆ తరువాత ఆమె తెలివితేటలతో రాజుకు సన్నిహితురాలై శాశ్వతంగా మంత్రి పదవిని దక్కించుకుంది.

నాగమ్మ ప్రాబల్యం పెరిగిన కొద్దీ బ్రహ్మనాయునికీ నలగామరాజుకూ మధ్య దూరం పెరిగింది. మలిదేవుని సోదరులకు తండ్రి రాజ్యంలో భాగం రావాలని బ్రహ్మనాయుడు పట్టుబట్టాడు. చివరకు రాజ్యం రెండుగా చీలింది. గురజాల నలగామరాజుకు, మాచెర్ల మలిదేవునికి దక్కాయి. బ్రహ్మనాయుడు మలిదేవునితో మాచెర్లకు తరలివెళ్ళి అక్కడ మంత్రిగా ఉన్నాడు.

నాగమ్మ శివభక్తురాలు, బ్రహ్మనాయుడు వీరవైష్ణవుడు. అందువల్ల ఈ వైరాన్ని శైవ వైష్ణవ సంఘర్షణగా చూసినవారు ఉన్నారు. అయితే కథలోని ప్రతి మలుపులోనూ కనిపించేది అన్నదమ్ముల మధ్య రాజ్యభాగం గురించిన తగవే. మతం ఆ తగవుకు తోడైంది.

చాపకూడు

మాచెర్లలో బ్రహ్మనాయుడు చేసిన పనులలో అత్యంత ప్రసిద్ధమైనది చాపకూడు. పరిచిన చాపపై అన్నాన్ని రాశిగా పోసి, కులభేదం లేకుండా అందరూ కూర్చుని తినడమే చాపకూడు. ఒకరు తాకిన అన్నాన్ని మరొకరు ముట్టని ఆ కాలంలో ఇది సామాన్యమైన విషయం కాదు. మాచెర్ల చెన్నకేశవాలయంలోకి అన్ని కులాలవారికీ ఇతడు ప్రవేశం కల్పించాడని కూడా చెబుతారు.

మాల కులానికి చెందిన కన్నమదాసును బ్రహ్మనాయుడు తన పెద్దకొడుకుగా స్వీకరించి సైన్యానికి నాయకునిగా నియమించాడు. బాలచంద్రునితో పాటు బ్రాహ్మణ, వెలమ, కమ్మరి, కంసాలి, కుమ్మరి, చాకలి, మంగలి కులాలకు చెందిన బాలురు అన్నదమ్ములుగా పెరిగారు. యుద్ధానికి బయలుదేరే ముందు వీరంతా ఒకే పంక్తిలో భోజనం చేసారు.

ఆ కాలంలో ఇటువంటి ఆలోచనలు దక్షిణ భారతమంతటా వ్యాపిస్తున్నాయి. శ్రీరంగంలో రామానుజాచార్యులు వైష్ణవ భక్తిని సామాన్య ప్రజలకు చేరువ చేసాడు. బిజ్జలుని పాలనలోని కళ్యాణ నగరంలో బసవేశ్వరుడు కులభేదాలను నిరసించాడు. బ్రహ్మనాయుని చాపకూడును ఈ ఉద్యమాల నేపథ్యంలో పరిశీలించాలి. ఒక భేదం మాత్రం ఉంది. బసవేశ్వరుడు, రామానుజుడు గురువులు. బ్రహ్మనాయుడు సైన్యాన్ని నడిపే మంత్రి. ఇతడు సమానత్వాన్ని భోజన పంక్తిలోనే గాక యుద్ధ పంక్తిలో కూడా ఆచరించాడు. ఒకే చాపపై తిన్నవారు ఒకరి పక్కన ఒకరు నిలిచి పోరాడగలరని ఇతని సైన్యం నిరూపించింది.

కోడిపోరు, వలస

మాచెర్ల అభివృద్ధిని సహించలేని నాగమ్మ కోడిపందానికి ఆహ్వానం పంపింది. ఓడినవారు ఏడు సంవత్సరాలు రాజ్యం విడిచి వెళ్ళాలని పందెం. బ్రహ్మనాయుని కోడి పేరు చిట్టిమల్లు. నాగమ్మ కోడి పేరు శివంగి డేగ. నాగమ్మ మోసం చేసి పందెం గెలిచిందని వీరగాథలు చెబుతాయి. బ్రహ్మనాయుడు ఓటమిని అంగీకరించి, మలిదేవుని సోదరులతో, పరివారంతో, పశువుల మందలతో మాచెర్ల విడిచాడు.

వలస వెళ్ళినవారు మొదట మండాది వద్ద విడిది చేసారు. అక్కడ వారి మందలపై నాగమ్మ పంపిన మనుషులు దాడి చేసారు. మందను కాపాడుతూ లంకన్న అనే వీరుడు ప్రాణాలు కోల్పోయాడు. ఈ ఘట్టాన్నే మందపోరు అంటారు. ఆ తరువాత వారంతా నల్లమల అంచున, త్రిపురాంతకం సమీపంలోని మేడపికి చేరి అక్కడ గడువు పూర్తి చేసారు.

రాయబారం

ఏడు సంవత్సరాలు గడిచిన తరువాత మాచెర్లను తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతూ అలరాజును గురజాలకు రాయబారిగా పంపారు. అలరాజు మలిదేవుని పక్షానికి చెందిన కొమ్మరాజు కుమారుడు, నలగామరాజుకు స్వయానా అల్లుడు. ఇరుపక్షాలకు బంధువైన ఇతని మాట చెల్లుతుందని బ్రహ్మనాయుడు ఆశించాడు. కాని రాయబారం ఫలించలేదు. తిరుగు ప్రయాణంలో చర్లగుడిపాడు వద్ద అలరాజు విషప్రయోగానికి గురై మరణించాడు. అతని భార్య, నలగామరాజు కుమార్తె అయిన రత్నాల పేరమ్మ సహగమనం చేసింది. నరసింగరాజు, నాగమ్మలు ఈ కుట్రకు కారకులని మాచెర్ల పక్షం భావించింది. దీనితో యుద్ధం అనివార్యమైంది.

ఆనాటి వీరుల వేషం, ఆయుధాలు, యుద్ధరీతి

12వ శతాబ్దపు తెలుగు యోధుల రూపురేఖలు తెలుసుకోవడానికి వీరగల్లులు ముఖ్యమైన ఆధారం. యుద్ధంలో మరణించిన వీరుని జ్ఞాపకార్థం ఊరి పొలిమేరలో నిలిపిన శిల్పాలే వీరగల్లులు. వీటిపై కనిపించే వీరుడు సాధారణంగా నడుముకు బిగించి కట్టిన దట్టీతో, పైన ఆచ్ఛాదన లేని ఒంటితో ఉంటాడు. జుట్టును కొప్పుగా ముడివేసుకుంటాడు. చెవులకు కుండలాలు, చేతులకు కడియాలు ఉంటాయి. ఒక చేత కత్తి, మరొక చేత డాలు, నడుమున కటారి ధరిస్తాడు. కొన్ని శిల్పాలలో విల్లంబులు కూడా ఉంటాయి. కవచాలు, గుర్రాలు, ఏనుగులు ప్రభువులకు, ముఖ్య నాయకులకు పరిమితం. కాలిబంటు బలమంతా ఆయుధం, డాలు, పక్కనున్నవాని తోడ్పాటే.

పల్నాటి కథలో ముఖ్య వీరుల ఆయుధాలకు ప్రత్యేకమైన పేర్లు ఉన్నాయి. బ్రహ్మనాయుని ఆయుధం నృసింహకుంతం. కుంతం అనగా పొడవైన ఈటె. గుర్రంపై ఉన్నవానిని నేలపై నుండి ఎదుర్కోవడానికి, వరుసగా నిలిచిన కాలిబంట్లు శత్రువును దగ్గరకు రానీయకుండా చేయడానికి ఇది ఉపయోగపడుతుంది. విష్ణుభక్తుడైన బ్రహ్మనాయుడు తన ఆయుధంలో నరసింహస్వామి ఉన్నాడని నమ్మాడు. కన్నమదాసు కత్తిని భైరవఖడ్గం అంటారు. పల్నాటిలో వీరుల ఆయుధాలను కొణతాలు అని పిలుస్తారు. వీటిని వంశపారంపర్యంగా భద్రపరిచి పూజిస్తారు.

ఆనాటి యుద్ధాలలో రెండు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది ఏనుగులు, గుర్రాలు, కాలిబలంతో ఎదురెదురుగా మోహరించి చేసే పెద్ద యుద్ధం. రెండవది పశువుల మందలను పట్టుకోవడానికి, కాపాడుకోవడానికి జరిగే చిన్న పోరు. దక్షిణాదిలోని వీరగల్లులలో చాలావాటిపై మందను కాపాడుతూ మరణించిన వీరుల ప్రస్తావన ఉండడాన్ని బట్టి రెండవ రకం పోరాటాలు ఎంత తరచుగా జరిగేవో ఊహించవచ్చు. పల్నాటి కథలో ఈ రెండు రీతులూ ఉన్నాయి. మందపోరు చిన్నపోరు కాగా, కారెంపూడిలో జరిగినది మహాయుద్ధం.

యోధుల ప్రవర్తనను శాసించిన విలువలు కూడా గమనించదగినవి. ప్రభువు వెంట ప్రాణాలు విడుస్తామని ప్రతిజ్ఞ చేసే లెంకలు అనే అంగరక్షకులు కాకతీయుల కాలపు శాసనాలలో కనిపిస్తారు. వెన్ను చూపి పారిపోవడం మరణం కన్నా హీనమని, రణభూమిలో మరణించినవానికి వీరస్వర్గం లభిస్తుందని ఆనాటి నమ్మకం. పల్నాటి కథలో వీరులు తమ మరణాన్ని ముందే తెలిసి యుద్ధానికి వెళ్ళడం ఈ నమ్మకం వల్లనే.

కారెంపూడి యుద్ధం

నాగులేటి ఒడ్డున ఉన్న కారెంపూడి యుద్ధభూమి. గురజాలకు, మాచెర్లకు నడుమ ప్రాంతంలో, ఏటి నీరు, విశాలమైన మైదానం ఉన్న చోటు కావడం వల్ల సైన్యాలు విడిది చేయడానికి అనుకూలమైనది. యుద్ధం 1176-1182 మధ్య జరిగిందని ఎక్కువమంది చరిత్రకారులు భావిస్తారు. 1182 అనే సంవత్సరం ఎక్కువగా వాడుకలో ఉంది.

ఇది కేవలం రెండు చిన్న రాజ్యాల యుద్ధంగా మిగలలేదు. నలగామరాజు తల్లి వెలనాటి ఆడపడుచు కావడం వల్ల వెలనాటి చోడులు అతని పక్షం వహించారు. ధరణికోట ప్రభువులైన కోట వంశం వారు కూడా అతనికి తోడ్పడ్డారు. మలిదేవుడు కళ్యాణి రాజ్య ఆడపడుచు శిరిమాదేవిని వివాహమాడినందున అతనికి ఆ వైపు నుండి బలం ఉంది.

సైన్యాలు ఎదురుపడిన తరువాత కూడా బ్రహ్మనాయుడు సంధికి సిద్ధపడ్డాడు. ఇరువైపులా ఉన్నది ఒకే తండ్రి బిడ్డలు, వారి బంధువులు. ఈ యుద్ధంలో ఎవరు గెలిచినా పల్నాటి సీమ పాడుబడుతుందని ఇతనికి తెలుసు. అలరాజు మరణాన్ని దిగమింగుకొని కూడా ఇతడు సంధి వైపే మొగ్గాడు. ఆ ప్రయత్నాన్ని నిలువరించినది శత్రువులు కాదు, స్వయంగా ఇతని కుమారుడే.

బాలచంద్రుడు

బాలచంద్రుడు యుద్ధంలో చేరకుండా తల్లిదండ్రులు జాగ్రత్త పడ్డారు. తోటివారితో బొంగరాల ఆట ఆడుతుండగా అతని బొంగరం ఒక స్త్రీ కాలికి తగిలి గాయమైంది. అయినవారంతా కారెంపూడిలో యుద్ధానికి సిద్ధమై ఉండగా ఇక్కడ ఆటలాడుతున్నావా అని ఆమె నిందించడంతో అతనికి సంగతి తెలిసింది. తల్లి ఐతమ్మ ఎంత వారించినా వినలేదు. భార్య మాంచాల వద్దకు సెలవు తీసుకోవడానికి వెళ్ళాడు. అప్పటి వరకు వేశ్యాలోలుడైన భర్త కోసం ఎదురుచూసిన ఆమె, భర్త వచ్చిన నాడే అతనిని యుద్ధానికి సాగనంపింది.

బాలచంద్రుని ప్రాణమిత్రుడు, సోదర సమానుడు అయిన అనపోతురాజు బ్రాహ్మణుడు. బ్రహ్మహత్య దోషం వస్తుందని, అతడు యుద్ధంలో మరణించడం తగదని బాలచంద్రుడు ఉంగరం తెచ్చే నెపంతో అతనిని వెనుకకు పంపాడు. అనపోతు తిరిగి వచ్చి, తనను విడిచి వెళ్ళారని గ్రహించి ఆత్మాహుతి చేసుకున్నాడు. ఒకే చాపపై తిన్న అన్నదమ్ములలో ఒకనిని కులం కారణంగా యుద్ధం నుండి తప్పించబోవడం, అతడు దానిని అంగీకరించకపోవడం ఈ కథలోని విషాద ఘట్టాలలో ఒకటి.

కారెంపూడి చేరిన బాలచంద్రుడు అలరాజు హత్యకు ప్రతీకారం తీర్చుకోకుండా సంధి చేసుకోవడం తగదని వాదించాడు. నిండు సభలో కుమారుని మాటే నెగ్గింది. యుద్ధం మొదలైంది. బాలచంద్రుడు శత్రుసైన్యంలోకి చొచ్చుకుపోయి నరసింగరాజును సంహరించి, తానూ వీరమరణం పొందాడు. పదునైన యుద్ధ నిపుణులను చూసిన పల్నాటి ప్రజలు ఈ నూనూగు మీసాల యువకునినే తమ అభిమాన వీరునిగా ఎంచుకున్నారు. అభిమన్యునితో ఇతనిని పోలుస్తారు.

కుమారుడు మరణించాక బ్రహ్మనాయునికి సంధి గురించి ఆలోచించే అవకాశం లేకపోయింది. నృసింహకుంతం ధరించి స్వయంగా యుద్ధంలోకి దిగాడు. కన్నమదాసు అతనికి తోడుగా నిలిచాడు. యుద్ధం ముగిసేనాటికి ఇరువైపులా ప్రముఖ వీరులలో అత్యధికులు నేలకొరిగారు. పల్నాటి వీరులుగా పూజలందుకునేవారు అరవై ఆరుగురు అని సంప్రదాయం.

అస్త్రసన్యాసం, గుత్తికొండ

యుద్ధంలో బ్రహ్మనాయుడు గెలిచాడు. కాని ఎవరి కోసం రాజ్యభాగం అడిగాడో వారు మిగలలేదు. ఏకైక కుమారుడు లేడు. చాపకూడు తిన్న వీరులలో అధికులు లేరు. నలగామరాజును చంపగల స్థితిలో ఉండి కూడా బ్రహ్మనాయుడు అతనిని విడిచిపెట్టి, పల్నాటి రాజ్యాన్ని అతనికే అప్పగించాడని కథలు చెబుతాయి. నాగమ్మ విషయంలో కథనాలు భిన్నంగా ఉన్నాయి. ఆమెను క్షమించి విడిచిపెట్టాడనేది ఎక్కువగా వినిపించే కథనం.

తరువాత బ్రహ్మనాయుడు పిడుగురాళ్ళ సమీపంలోని గుత్తికొండ బిలంలో ప్రవేశించి తపస్సులో మునిగిపోయాడని, మరల బయటకు రాలేదని ప్రతీతి. గుత్తికొండ బిలం సున్నపురాతి కొండలో సహజంగా ఏర్పడిన గుహ. లోపల నీటి మడుగులు ఉన్నాయి. ఇతనిని విష్ణువు అవతారంగా భావించే భక్తులు ఇతడు మరణించలేదని, ఇప్పటికీ బిలంలోనే ఉన్నాడని విశ్వసిస్తారు.

యుద్ధ ఫలితాలు

పల్నాటి యుద్ధం వల్ల తీరాంధ్రంలోని రాజవంశాలు బలహీనపడ్డాయి. అప్పటి వరకు తీరాంధ్రాన్ని శాసించిన వెలనాటి చోడులు ఈ యుద్ధంలో సైన్యాన్ని, సామంతులను కోల్పోయారు. దీనివల్ల లాభపడినవారు కాకతీయులు. 1158 నుండి 1195 వరకు ఓరుగల్లును పాలించిన రుద్రదేవుడు తన అధికారాన్ని కృష్ణా తీరానికి విస్తరించాడు. 1199లో రాజ్యానికి వచ్చిన గణపతిదేవుడు వెలనాడును పూర్తిగా జయించి తెలుగు నేలను ఒకే పాలన కిందకు తెచ్చాడు. అన్నదమ్ముల తగవు చివరకు మూడవవారికి మార్గం సుగమం చేసింది.

ఆధారాలు

పల్నాటి వీరచరిత్రను 15వ శతాబ్దానికి చెందిన శ్రీనాథుడు రచించాడని ప్రసిద్ధి. ఇందులో బాలచంద్రుని యుద్ధ భాగం ముఖ్యమైనది. పండితుల కోసం ప్రౌఢ కావ్యాలు రాసిన కవి, పామరులు పాడుకునే కథను ద్విపదలో రాయడం విశేషం. అక్కిరాజు ఉమాకాంతం ఈ కావ్యాన్ని పరిష్కరించి 1911లో ప్రకటించాడు. చిలుకూరి వీరభద్రరావు తన ఆంధ్రుల చరిత్రములో పల్నాటి యుద్ధాన్ని చర్చించాడు.

కావ్యం కంటే పాట ప్రాచీనమైనది. వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధులలో పల్నాటి వీరుల కథను పాడే స్త్రీ ప్రస్తావన ఉంది. అనగా శ్రీనాథుని కాలానికే ఈ కథ పల్నాటి పొలిమేర దాటి ప్రచారంలో ఉంది. పల్నాటిలో ఈ కథను తరతరాలుగా పాడుతున్నవారు మాల కులానికి చెందిన వీరవిద్యావంతులు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘైర్ వీరవిద్యావంతుడైన అలిశెట్టి గాలెయ్య పాడిన కథను సేకరించి, ఆంగ్లంలోకి అనువదించి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి ప్రచురించాడు.

యుద్ధ వీరుల కథలు గాయకుల ద్వారా నిలిచి ఉండడం ఇతర దేశాలలోనూ కనిపిస్తుంది. పల్నాటి యుద్ధం జరిగిన కాలంలోనే, 1180-1185 మధ్య, జపానులో తైరా, మినమోతో వంశాల మధ్య గెంపెయ్ యుద్ధం జరిగింది. ఆ కథను బివా అనే తంత్రీవాద్యంతో అంధ గాయకులు శతాబ్దాల పాటు పాడారు. ప్రాచీన ఐరోపాలోని కెల్టు తెగలలో కూడా వీరుల కీర్తిని గానం చేసే బార్డులు ఉండేవారు. అయితే పల్నాటి వీరవిద్యావంతులు కేవలం గాయకులు కారు. తమ కులం నుండి సైన్యాధిపతి అయిన కన్నమదాసు వారసులుగా, వీరపూజలో భాగస్వాములుగా వారు ఈ కథను పాడతారు.

వీరారాధన ఉత్సవాలు

కారెంపూడిలోని వీరులగుడిలో ప్రతి సంవత్సరం కార్తీక అమావాస్య నాడు పల్నాటి వీరారాధన ఉత్సవాలు మొదలై ఐదు రోజులు జరుగుతాయి. ఈ ఆలయంలో వీరులను లింగాల రూపంలో పూజిస్తారు. వివిధ ప్రాంతాల నుండి వచ్చే వీరాచారవంతులు తమ ఇళ్ళలో భద్రపరిచిన కొణతాలను వెంట తెచ్చి, నాగులేటిలోని గంగధారి మడుగులో శుద్ధి చేసి ఊరేగిస్తారు. ఐదు రోజుల పేర్లు కథలోని ఘట్టాలను గుర్తుచేస్తాయి.

* మొదటి రోజు - రాచగావు
* రెండవ రోజు - రాయబారం
* మూడవ రోజు - మందపోరు
* నాలుగవ రోజు - కోడిపోరు
* ఐదవ రోజు - కళ్ళిపాడు

రాయబారం నాడు అలరాజు గురజాల వెళ్ళిన కథను, మందపోరు నాడు లంకన్న మరణాన్ని స్మరిస్తారు. మందపోరు రోజున చాపకూడు కూడా జరుపుతారు. కోడిపోరులో చిట్టిమల్లు, శివంగి డేగల పందాన్ని ప్రదర్శిస్తారు. కళ్ళిపాడు యుద్ధం ముగింపును సూచిస్తుంది. ఆయుధాలను పూజించే ఈ ఉత్సవంలో సహపంక్తి భోజనం కూడా ఒక భాగం కావడం గమనించదగినది.

సాహిత్యంలో, సినిమాలలో

గుంటూరుకు చెందిన స్వాతంత్ర్య సమరయోధుడు, మాలపల్లి నవలా రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణ నాయకురాలు అనే నాటకాన్ని రచించాడు. అంటరానితనాన్ని వ్యతిరేకించిన రచయితకు పల్నాటి కథ ఇతివృత్తం కావడం సహజమే.

1947లో విడుదలైన పల్నాటి యుద్ధం చిత్రానికి గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం ప్రారంభించగా, ఆయన మరణానంతరం ఎల్.వి.ప్రసాద్ పూర్తి చేసాడు. ఇందులో గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయునిగా, కన్నాంబ నాగమ్మగా, అక్కినేని నాగేశ్వరరావు బాలచంద్రునిగా నటించారు. 1966లో గుత్తా రామినీడు దర్శకత్వంలో ఇదే పేరుతో వచ్చిన చిత్రంలో నందమూరి తారక రామారావు బ్రహ్మనాయునిగా, భానుమతి నాగమ్మగా నటించారు.

అంచనా

పల్నాటి యుద్ధాన్ని ఆంధ్ర కురుక్షేత్రం అంటారు. జూదం స్థానంలో కోడిపోరు, అరణ్యవాసం స్థానంలో మేడపి వాసం, రాయబారం, అభిమన్యుని వంటి బాలచంద్రుడు, ఇవన్నీ భారత కథను గుర్తుచేస్తాయి. ఈ పోలికల వల్ల కథకులు భారతం నమూనాలో పల్నాటి కథను మలచి ఉండవచ్చని కొందరు పండితుల అభిప్రాయం. అయితే భారతంలో లేనిది చాపకూడు. కురుక్షేత్రంలో సేనాపతులంతా రాజులు, ఆచార్యులు. కారెంపూడిలో మాల కన్నమదాసు సేనాపతి.

బ్రహ్మనాయుడు ఏ రాజ్యాన్నీ స్థాపించలేదు. ఇతని పేరున వంశమేదీ సింహాసనం ఎక్కలేదు. ఇతడు కాపాడదలచిన మాచెర్ల రాజ్యం ఇతని కళ్ళ ముందే అంతరించింది. ఇతడు తప్పించదలచిన యుద్ధం ఇతని కుమారుని బలి తీసుకుంది. రాజకీయంగా చూస్తే ఇతని జీవితం వైఫల్యమే. అయినా ఎనిమిది వందల సంవత్సరాల తరువాత కూడా కారెంపూడిలో ప్రతి కార్తీకమాసపు చివరన ఇతని కథను పాడుతున్నారు. ఇతనిని ఓడించినవారి రాజ్యం, ఇతడు గెలిచిన రాజ్యం రెండూ లేవు. ఇతడు పరిచిన చాప మాత్రం మిగిలింది.